లాప్‌టాప్ నుదుటి బొట్టు

క్యాన్సర్ కణాల మీద పీహెచ్‌డీ చేసిన మనిషి చిటికెడు కుంకుమతో తన ఉద్యోగాన్ని తానే ఎలా మట్టిలో కలుపుకోబోయిందో చెబుతాను. నవ్వండి, పరవాలేదు. ఎవరెవరు నవ్వారో గుర్తుపెట్టుకుంటాను.

డీఎన్‌ఏ తెగితే కణం దాన్ని ఎలా బాగుచేసుకుంటుందన్నది నా చదువు. అందులోనే పోస్ట్‌డాక్‌కి, అంటే డాక్టరేట్ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగానికి, బెంగళూరు నుంచి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ వచ్చింది.

"ఇశాపట్నం పిన్నింటికెళ్లి మాట్లాడమ్మి, అక్కడైతే నెట్టు బాగుంతాది," అన్నారు నాన్న.

ససేమిరా అన్నాను. కిందటి ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి "రాయగడలో ఇంటర్నెట్ ఉంటుందా?" అని నవ్వాడు. ఆయన చొక్కా రంగు ఇప్పటికీ చెప్పగలను. ఉద్యోగం వస్తే మా ఊళ్లో, ఈ రాయగడలో కూర్చునే రావాలి!

మా చింతపండు హోల్‌సేల్ కొట్టు వెనక గదిలో, బస్తాల మధ్య లాప్‌టాప్ తెరిచాను. ముందు గదిలో నాన్న కాటాకి బొట్టు పెడుతున్నారు. అది పెట్టందే మా ఇంట్లో ఏ బేరమూ మొదలవదు. నేను సైన్సు చదివినదాన్ని, అలాంటివి నమ్మను. అందుకే ఎవరూ చూడకుండా లాప్‌టాప్‌కీ ఒకటి పెట్టాను. తెర పై అంచున, సరిగ్గా నడిమధ్యన.

"మీరు కనబడటం లేదు. ఎర్రగా, గుండ్రంగా ఏదో ఉంది. మీ కణం ఫొటోనా?" అన్నారు ప్రొఫెసర్ గారు.

నాకూ అదే కనబడింది. నెట్‌వర్క్! ఇంకేముంటుంది? ఆయన్ని ఉండమని ఫోన్ కంపెనీకి ఫోన్ చేశాను, ఫిర్యాదు నంబరు రాసుకున్నాను. కరెంటాఫీసుకి చేశాను, "వోల్టేజీ బాగానే ఉంది" అన్నవాడి పేరు రాసుకున్నాను. చివరికి, "సార్, లోపం మీ కంప్యూటర్‌లోనేమో, ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి," అని ఆయనకే పురమాయించాను. పాపం, పెట్టారు. ఎర్రటి గుండ్రం కదల్లేదు.

నా అరుపులకి అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏటమ్మి ఆ గోల? ఈదంతా ఇనబడతంది."

"నెట్‌వర్క్ అమ్మా! రాయగడంటే అందరికీ అలుసే!"

అమ్మ వంగి చూసింది. "కెమేరా కన్ను మీద బొట్టెవులెట్టేరు?"

నేను ఫిర్యాదు నంబరు మళ్లీ సరిచూసుకున్నాను.

"మీ నాన్న కాటా దాటి రారు. నానెట్టనేదు. ఎలకలొచ్చి ఎట్టీసినాయేటి?"

"నేనే," అన్నాను, పక్క బస్తాకి మాత్రమే వినబడేలా.

అమ్మ కొంగుతో తుడిచింది. ముందు అమ్మ, వెనక నేను, ఆ వెనక చింతపండు బస్తాలు బెంగళూరుకి దర్శనమిచ్చాం. మైకు మొదటినుంచీ తెరిచే ఉంది. ప్రొఫెసర్ గారు తెలుగువారు.

ఆయన నవ్వాపుకుని అడిగారు. "డీఎన్‌ఏ తెగితే కణం ముందు ఏం చేస్తుంది?"

"తెగిన చోటు కనిపెడుతుంది సార్."

"మరి మీరేం చేశారు?"

తల దించుకోవలసిన సమయం. ఆ విద్య నాకు రాదు.

"కణం కూడా గోల చేస్తుంది సార్. నలుగురినీ పిలుస్తుంది, జరుగుతున్న పనులన్నీ ఆపించేస్తుంది. మరమ్మతు ఆ తర్వాతే. తెగినా గోల చేయని కణమే చివరికి క్యాన్సర్ దారి పడుతుంది."

"సరే, ఇప్పుడు అసలు కణాలు చూపించండి," అన్నారు. గంటసేపు చూపించాను.

వారం తిరక్కుండా ఉద్యోగం వచ్చింది. "మా ల్యాబ్‌లో గోల చేసేవాళ్లు కరువయ్యారు, త్వరగా రండి," అని ఉత్తరం చివర ఆయన సొంత మాట. చిరునామాలో 'రాయగడ' అని స్పష్టంగా ఉంది. ఆ చొక్కాయన ఒక్కసారి చదివితే బాగుండును.

చింతపండు బస్తాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ లాప్‌టాప్‌కీ నుదుటన బొట్టు పెట్టను. వీపున పెడతాను. ఫోన్ కంపెనీ మీద ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఏదో ఒకరోజు తప్పు వాళ్లదే అవుతుంది.