లంక బడిలో ఐదు నిమిషాల డ్రిల్లు

ఉదయం 0610 గంటలకు లంకలో దిగాం. దిగింది గట్టు మీద కాదు, హైస్కూలు మేడ మెట్ల మీద. మిగతా ఊరంతా నీళ్ళలో ఉంది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చి అప్పటికి రెండు రోజులు. గౌతమి పాయ ఎర్రటి బురదనీటితో అరటి తోటలను పూర్తిగా ముంచేసింది. వర్షం ఆగింది కానీ తూర్పు గాలి గట్టిగా కొడుతోంది. మా దగ్గర మూడు రబ్బరు బోట్లు, ఒక వైర్‌లెస్ సెట్టు, ఇరవై రెండు మంది జవాన్లు, నా మందుల ట్రంకు పెట్టె ఉన్నాయి.

నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుని. అప్పటికి పంతొమ్మిదేళ్ళ సర్వీసు. మంచు కొండల్లో చేశాను, ఇసుకలో చేశాను. మా సొంత ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో డ్యూటీ పడటం అదే మొదలు, అదే ఆఖరు. మా దళంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి మందులతో పాటు మాటలు కూడా నా నెత్తినే పడ్డాయి. ఇప్పుడు రిటైరై ఇంటి దగ్గర ఉంటున్నాను. అరుగు మీద చేరినవాళ్ళు బోర్డర్ కబుర్లు చెప్పమంటారు. నేను మాత్రం ఈ తొమ్మిది రోజుల సంగతే ఎత్తుకుంటాను.

మేడ మీద ఏడు గదులు, నూట నలభై మంది జనం. ఎనిమిదో తరగతి గది నాకిచ్చారు. నల్లబోర్డు కింద ట్రంకు పెట్టె పెట్టి, పాతకాలం ఇనుప తాళం వేశాను. పాము కాటు మందు దగ్గర నుంచి పిల్లల జ్వరం సిరప్పు దాకా అన్నీ అందులోనే. తాళంచెవి ఎప్పుడూ నా ఒంటి మీదే ఉండాలని మేజర్ సాబ్ ఆర్డరు.

రెండో రోజుకి పిల్లలకు జ్వరాలు మొదలయ్యాయి. తడి బట్టలు, ఒకే గదిలో అందరూ. ఒకడు తుమ్మితే పదిమందికి అంటుకునేది. సాయంత్రం ఒకావిడ రెండేళ్ళ పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చింది. పేరు సత్యవేణి. భర్త భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద పని చేస్తాడట, నీళ్ళ వల్ల అక్కడే చిక్కుకుపోయాడు. వెనకాలే అత్తగారు సుబ్బాయమ్మ.

జ్వరం నూట ఒకటి. సిరప్పు ఇచ్చాను. సత్యవేణి మాత్రం కదల్లేదు.

"అన్నయ్యగారూ, వీడికి పోయినేడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయండి. మళ్ళీ వస్తాయా అండీ?"

"రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా చాలామంది పిల్లలకు రెండు మూడు నిమిషాల్లో అదే ఆగిపోతుందమ్మా."

"మెదడు దెబ్బతింటుందంటున్నారండి. పెద్దయ్యాక కూడా మూర్ఛలు వస్తాయని మా వీధిలో ఒకటే మాట."

"జ్వరంతో వచ్చే ఈ రకం ఫిట్స్‌తో మెదడుకేం కాదు. ఐదారేళ్ళు వచ్చేసరికి చాలామందికి పోతాయి."

పిల్లాడి కనుబొమల మధ్య చిన్న మచ్చ ఉంది. పసుపుకొమ్ము కాల్చి పెట్టిన వాత. నేను చూడటం సుబ్బాయమ్మ చూసింది.

"వాత పెట్టాకే ఆగింది బాబూ" అంది.

"దానంతట అది ఆగే వేళకి మీరు వాత పెట్టారు మామ్మగారూ" అన్నాను. ఆవిడ మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది.

మూడో రోజు 1115 గంటలు. మెట్ల దగ్గర ఒళ్ళు కడుక్కోవడానికి వెళుతూ తాళంచెవిని నల్లబోర్డు పక్క మేకుకి తగిలించాను. ఐదు నిమిషాలే కదా అనుకున్నాను. ఆర్డరు తప్పడం ఎప్పుడూ అలాగే మొదలవుతుంది. 1120కి పై నుంచి కేక వినిపించింది. ఒంటి మీద సబ్బుతోనే పరిగెత్తాను.

నా గదిలోనే, నల్లబోర్డు ముందు, సత్యవేణి పిల్లాడు బిగుసుకుపోయాడు. కళ్ళు తేలేశాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. సత్యవేణి వాడి పళ్ళ మధ్య స్టీలు చెంచా దూర్చబోతోంది. చుట్టూ ముప్ఫై మంది, గాలి ఆడటం లేదు. చెంచా లాగేశాను, జనాన్ని వెనక్కి నెట్టాను. పిల్లాణ్ణి ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, చొక్కా గుండీలు తీసి, గడియారం చూశాను.

ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మందు ఇవ్వాలి. మందు పెట్టెలో ఉంది. మేకు వైపు చూశాను. మేకుకి ఏమీ లేదు.

"తాళంచెవి ఏదీ!" అని అరిచాను. తెలుగులో, హిందీలో, ఇంకేదో భాషలో కూడా అరిచానేమో. మా వంటవాడు బల్లలన్నీ తిరగేశాడు. బోటు నడిపే నాయక్ గొడ్డలి కోసం కిందికి పరిగెత్తాడు. వైర్‌లెస్ కుర్చీలో ఉన్న సిగ్నల్ జవాను గొంతు వినిపిస్తోంది.

"బోటు రెండు, బోటు రెండు, స్కూలు మాట్లాడుతోంది. పసివాడికి ఫిట్స్. ఎంతసేపట్లో రాగలవు? ఓవర్."

"ఇరవై నిమిషాలు. ప్రవాహానికి ఎదురు వస్తున్నా. ఓవర్."

రెండు నిమిషాలు. మూడు నిమిషాలు. నా జీవితంలో అంత పొడుగు నిమిషాలు ఎక్కడా చూడలేదు. నాయక్ గొడ్డలితో గుమ్మంలోకి వచ్చేసరికి మూడు నిమిషాల నలభై సెకన్లు. అప్పుడు పిల్లాడు ఒక్కసారి దీర్ఘంగా ఊపిరి పీల్చాడు. ఒళ్ళు మెత్తబడింది. బిగించిన కుడి పిడికిలి విడింది. అందులోంచి నా తాళంచెవి నేల మీద పడింది.

సుబ్బాయమ్మ నెమ్మదిగా అంది. "చేతిలో ఇనుం పెడితే ఆగుతుందంటారు కదా బాబూ. మా ఇంటి తాళంచెవి ఏట్లో పోయింది. మీది మిలట్రీ ఇనుం, ఇంకా గట్టిగా పనిచేత్తాదని..."

కోపం రావాలి. నాకు నవ్వొచ్చింది. ఒంటి మీద సబ్బు ఎండిపోయి దురద పెడుతుంటే ఆ నేల మీదే కూర్చుని నవ్వాను. మేకుకి తగిలించింది నేను. ఆవిడ్ని అనడానికి నాకు మొహం లేదు.

బోటులో తల్లీకొడుకుల్ని అవతలి ఒడ్డున ఆసుపత్రికి పంపాం. మేజర్ సాబ్‌కి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"తాళంచెవి ఎక్కడ దొరికింది?"

"పేషెంటు చేతిలో సార్."

ఆయన కాసేపు మీసం కింద పెదవి కొరుక్కున్నారు. తరవాత రెండు రోజులు బోట్లలో నీళ్ళు తోడే పని నాకు శిక్షగా వేశారు.

నాలుగో రోజు మధ్యాహ్నం సత్యవేణి తిరిగొచ్చింది. డాక్టరు పరీక్షలు చేసి మామూలు జ్వరం ఫిట్సేనని చెప్పాడట. పిల్లాడు బిస్కెట్టు నములుతున్నాడు. తల్లి మొహం మాత్రం వేలాడేసుకుని ఉంది.

"చెంచా పెట్టకూడదని పోయినేడే చెప్పారండి నర్సమ్మగారు. నాకు తెలుసు. అయినా చేతులు ఆగలేదు. నీళ్ళు తీశాక మేం ఇంటికెళ్ళిపోతాం. ఆయన వారానికోసారి వస్తారు. ఏరు దాటాలంటే గంట. అప్పుడు ఫిట్స్ వస్తే ఒక్కదాన్ని ఏం చెయ్యనండి? నేనే వాణ్ణి చంపేసుకుంటానేమో."

ఆవిడకి ఒక నిజం చెప్పాను. మా అమ్మాయికి ఏడాదిన్నరప్పుడు, నేను సెలవులో ఇంటి దగ్గర ఉండగానే, ఇలాగే ఫిట్స్ వచ్చాయి. పుస్తకం మొత్తం చదివినవాణ్ణి. పిల్లని భుజాన వేసుకుని వీధిలోకి పరిగెత్తాను, అంతే. గడియారం చూసింది లేదు, పక్కకి తిప్పింది లేదు. మా ఆవిడ వెనకాల చెప్పులు పట్టుకుని పరిగెత్తింది.

"మీరేనా అండీ!" అని సత్యవేణి నోరు తెరిచింది. వచ్చాక మొదటిసారి నవ్వింది.

తెలిసినంత మాత్రాన చేతులు మాట వినవు. మాకు సైన్యంలో ఆ సంగతి తెలుసు కాబట్టే రోజూ డ్రిల్లు చేయిస్తారు. మర్నాడు 0700 గంటలకు మేడ మీద వరండాలో ఫిట్స్ డ్రిల్లు మొదలుపెట్టాను. చంటిపిల్లల మీద డ్రిల్లు చేయలేం కదా అని వంటవాడు ఒలవని కొబ్బరికాయలు తెచ్చి తువ్వాళ్ళు చుట్టి ఇచ్చాడు. పదకొండు మంది తల్లులు, నలుగురు తండ్రులు, పదకొండు బొండాలు వరసగా నిలబడ్డారు.

"ఫిట్స్!" అని అరుస్తాను. "నేల మీద పడుకోబెట్టు! పక్కకి తిప్పు! టైము చూడు! నోట్లో ఏం పెట్టాలి?"

"ఏమీ పెట్టకూడదండీ!"

"కాళ్ళూ చేతులూ అదిమి పట్టాలా?"

"వద్దండీ!"

"ఐదు నిమిషాలు దాటితే?"

"ఆసుపత్రికండీ!"

"ముందే ఆగిపోతే?"

"అయినా డాక్టరుకి చూపించాలండీ!"

ఒకాయన కొబ్బరికాయను తలకిందులుగా పడుకోబెట్టాడు. దానికి తల ఎటుందో ఆయనకీ నాకూ పెద్ద వాదన అయింది. మేజర్ సాబ్ చూసి వెళ్ళి, మర్నాడు తన స్టాప్‌వాచ్ పంపారు. మూడో రోజు డ్రిల్లుకి సుబ్బాయమ్మ కూడా వచ్చి వరసలో నిలబడింది. "నాక్కూడా ఓ బొండాం ఇవ్వు బాబూ" అంది. సత్యవేణి మొదటి రోజు నాలుగుసార్లు తడబడింది. బొండాం చేజారి దొర్లిపోయింది. రెండో రోజు రెండుసార్లు. మూడో రోజు కళ్ళు మూసుకుని చేసింది.

తొమ్మిదో రోజు నీళ్ళు తీశాయి. బయలుదేరడం 1100 గంటలకు. ఆకాశం నీలంగా ఉంది, మేడ పిట్టగోడల మీద పరుపులు ఎండుతున్నాయి. 1040కి నేను కింద బోటులో ట్రంకు పెట్టెను తాడుతో కడుతున్నాను. పై నుంచి "ఫిట్స్!" అని కేక వచ్చింది. డ్రిల్లు కాదని గొంతు వినగానే తెలిసింది. ముప్ఫై రెండు మెట్లు ఎలా ఎక్కానో గుర్తులేదు.

పక్క గదిలో ఉండే వాళ్ళ పాప. ఏడాది వయసు. పాప తల్లి గోడకి ఆనుకుని ఏడుస్తోంది. సుబ్బాయమ్మ చేతులు చాపి గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఎవరూ రాకండి, గాలాడనివ్వండి" అని అందర్నీ ఆపుతోంది. నన్నూ ఆపింది. ఆవిడ భుజం మీదుగా లోపలికి చూశాను.

పాపని పక్కకి తిప్పి పడుకోబెట్టారు. కాసేపటికి ఒళ్ళు వదులైంది. ఏడుపు మొదలుపెట్టింది. అంత చక్కటి ఏడుపు నేను వినలేదు.

"రెండు నిమిషాల పది సెకన్లండి. నోట్లో ఏం పెట్టలేదు" అని సత్యవేణి రిపోర్టు ఇచ్చింది. మా బోటులోనే పాపనీ తల్లినీ ఎక్కించుకుని 1104కి బయలుదేరాం. అవతలి ఒడ్డున ఆసుపత్రిలో దించి, రాజమండ్రి చేరేసరికి మధ్యాహ్నం మూడు. ఆ రాత్రి రైల్లో నిద్రపోయాను. తొమ్మిది రోజుల్లో అంత గాఢంగా పడుకోలేదు.

సర్వీసులో చాలా చూశాను. చాలా మరిచిపోయాను. ఆ గది మాత్రం ఎప్పుడూ కళ్ళ ముందే ఉంటుంది. నేల మీద కూర్చున్న సత్యవేణి. ఒక చెయ్యి పాప వీపు మీద నిబ్బరంగా ఉంది, ఇంకో చేతిలో ఫోను. పెదవులు సెకన్లు లెక్కపెడుతున్నాయి. గుమ్మంలో నా బూట్ల చప్పుడు విన్నది. అయినా తల ఎత్తి నా వైపు చూడలేదు.