కిటికీ పక్క మల్లెమొక్క

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సు ఎక్కి, అప్పుడే కొన్న మల్లెమొక్క కుండీని ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. నడి ఎండాకాలం. ఊరు దాటిన కాసేపటికే ఆకులన్నీ వాలిపోయాయి. కంగారుపడి నా సీసాలోని నీళ్లు పోశాను. ముందు సీటాయన తన సీసా అందిస్తే అవీ పోశాను. కండక్టర్ ఆగి చూసి, "ఇంకిన్ని పొయ్యుండ్రి అక్కా, పాణం పోయేటట్టున్నది" అన్నాడు.

అప్పుడు నా పక్కన కూర్చున్న అవ్వ తన అరచేతిని కుండీకి మూతలా పెట్టింది.

"ఇగ సాలు. ఏలు పెట్టి సూడు బిడ్డా, మన్ను బురదైంది. దీనికి నీళ్ల దూప కాదు, వడగాలి కొట్టింది. ఇంకా పోస్తే వేర్లు మురుగుతయ్."

కుండీని తన ఒళ్లోకి తీసుకుని, కొంగు కప్పి, కిటికీకి వీపు తిప్పి కూర్చుంది.

"పసిపిల్లకు టికెట్ లేదులే అవ్వా" అన్నాడు కండక్టర్. బస్సంతా నవ్వింది.

తాడ్వాయి వచ్చేసరికి చిగురు కొద్దిగా తలెత్తింది. అవ్వ కుండీ నా చేతికిచ్చి లేచింది.

"పోయొస్త బిడ్డా, పైలం."

"మంచిది అవ్వా" అన్నాను. తీరా చూస్తే ఆమె చూపు మొక్క మీద ఉంది.

ఆ మల్లె ఇప్పుడు మా వాకిట్లో పూస్తోంది. మట్టిలో వేలు పెట్టి చూడకుండా నీళ్లు పోయను. ఊరెళ్లే రోజు కుండీని నీడలోకి జరిపి, "పోయొస్త బిడ్డా" అంటాను.

"మంచిదమ్మా" అంటుంది ఇంట్లోంచి మా అమ్మాయి.