చీమలు తిన్న తీరం

మాదన్నపేటలో మా ఇంటి నుంచి సముద్రం నాలుగడుగుల దూరం. గడప దాటితే వాకిలి, వాకిట్లో నేను వేసిన ముగ్గు, ఆ ముగ్గే సముద్రం. అసలు సముద్రాన్ని అప్పటికి మా ఇంట్లో ఎవరూ చూడలేదు. మూసీని చూశాం. అదీ ఎండాకాలంలో, బర్రెల మోకాళ్ళ దాకా పారేటప్పుడు.

డెబ్బై ఒకటి యుద్ధం ముగిసి మూడు నాలుగేళ్ళయిన రోజులవి. సర్కారు కార్ఖానాలో ఫిట్టరుగా రిటైరైన మా మామగారికి పొద్దున్నే పత్రిక చదవకపోతే చాయ్ గొంతు దిగేది కాదు. ఒకరోజు అందులో నోరు తెరిచే ఓడల గురించి రాశారు. మన నౌకాదళంలో అలాంటివి పెరుగుతున్నాయట. ఓడ నేరుగా ఇసుక మీదికి వచ్చి ముక్కు తెరిస్తే, కడుపులోంచి ట్యాంకులూ సిపాయిలూ దిగి నడిచిపోతారట. రేవుతో పనిలేదు. ఎక్కడ దిగుతామో తెలియదు కాబట్టి పక్కదేశం ఇక తన తీరం పొడుగునా కాపలా కాయాల్సిందేనట. మామగారు దాన్ని మూడుసార్లు చదివారు.

"ఇగ దుష్మన్‌కు నిద్ర లేదు పో!" అన్నారు. అని, ఆ మధ్యాహ్నం ఎన్నడూ లేనంత హాయిగా నిద్రపోయారు.

దుష్మన్ వేషానికి వెనక గల్లీ సేటు కుదిరారు. అఫ్జల్‌గంజ్‌లో తాళ్ళ దుకాణం ఆయనది. ఓడలకు తాళ్ళుంటాయి గనుక ఓడల సంగతి తనకు తెలుసని ఆయన నమ్మకం. దుకాణం తెరిచే ముందు రోజూ ఒక గంటసేపు మా అరుగు మీద కూర్చుని, మా చాయ్ తాగుతూ, పక్కదేశం పక్షాన పోరాడి వెళ్ళేవారు.

పటం గీయడం నా వంతు.

"బిడ్డా, నీ చెయ్యి మంచిది. ఇటు మన ఒడ్డు, అటు వాళ్ళ ఒడ్డు, నడుమ నీళ్ళు గియ్యి. నీళ్ళు జర వెడల్పుండాలె. చిన్న సముద్రం దాటితే మనకేం ఇజ్జత్?" అన్నారు మామగారు.

నేను బడికి పోలేదు. మా నాన్న పళ్ళెంలో బియ్యం పోసి, నా వేలు పట్టి అక్షరాలు దిద్దించారు. ఆయన పుణ్యాన చదవడమూ వచ్చింది, గీత వణక్కుండా లాగడమూ వచ్చింది. ముగ్గు బియ్యప్పిండితోనే వేయాలనీ, చీమలు తింటేనే అది ముగ్గనీ మా అమ్మ చెప్పేది. అందుకని యుద్ధానికి కూడా బియ్యప్పిండే వాడాను.

అగ్గిపెట్టె ఓడ. లోపలి అర బయటికి తోస్తే అదే నోరు. అందులో పన్నెండు చింతగింజలు, అవే మన దళం. అర బిగుతుగా వస్తోందని మామగారు కొవ్వొత్తి రుద్ది నున్నగా చేశారు. మన దేశం సత్తా ఆ విధంగా ఇంకో మెట్టు పెరిగింది.

చిక్కు ఒకటే. ముగ్గు తొక్కకూడదు. ఓడ అవతలికి చేరాలంటే మామగారు ఒక కాలు నీళ్ళలో పెట్టాలి. కాలు లేవగానే, లోపల బియ్యం ఏరుతున్న అత్తమ్మ కేక వినిపించేది.

"ముగ్గు తొక్కుతున్నవ్! కండ్లు కనవడ్తలేవా?"

"దేశం పని మీదున్ననే!"

"దేశం పని గల్లీల జేస్కో పో. వాకిట్ల లచ్చిమి ఉంటది."

సేటు చాయ్ పొలమారేలా నవ్వేవారు. "భాయ్, నా దిక్కు ఫౌజ్ ఎందుకు? భాభీ ఒక్కతి చాలు."

చివరికి మామగారు బట్టలారేసే కర్రతో ఓడను నెట్టడం మొదలుపెట్టారు. అది వంకరటింకరగా పోయి అవతలికి చేరి నోరు తెరిచేసరికి, దిగడానికి అక్కడ దేశం ఉండేది కాదు. చీమలు మోసుకుపోయేవి.

"గిదేంది సేటు, మీ ఒడ్డేది?"

"చీమలు కబ్జా చేసినయ్. ఇగ వాటితోని కొట్లాడు."

తుపాకీ పేలకుండా ఇన్ని ప్రాణుల కడుపు నింపుతున్న దేవుడి గూట్లోని స్వామికి నేను లోపలి నుంచే దండం పెట్టుకునేదాన్ని.

అట్లా ఉండగా మా మరిది దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన పటాలంలో సిపాయి. అత్తమ్మకు చదువు రాదు, ఆయన గీతలు మామగారి కళ్ళద్దాలకు అందవు. అందుకని ఉత్తరాలన్నీ నేనే గట్టిగా చదివేదాన్ని.

"అవ్వా, బాపూ, నేను మంచిగున్న. మా కంపెనీని సముద్రం దిక్కు తోల్కపోతున్నరు. వచ్చే నెల ఓడలకెళ్ళి ఒడ్డుకు దిగుడు నేర్పుతరంట. ఛాతి మందం నీళ్ళల్ల దుంకి నడ్వాలంట. వదినె, గీ ముక్క అవ్వకు సద్వకు."

చదవొద్దన్న ఆ మాటను చివర్న రాశాడు. అప్పటికే చదివేశాను.

మామగారు లేచి వెళ్ళి గల్లీ అంతా జిలేబీ పంచారు. "దుష్మన్ గడ్డ మీద ముందుగాల దిగేటోడు నా కొడుకే!" అత్తమ్మ జిలేబీ ముట్టలేదు.

ఆరేళ్ళప్పుడు మా మరిది కార్వాన్‌లో అమ్మమ్మ ఇంటి బావిలో పడ్డాడు. అప్పటినుంచి ఆయనకు చెంబుకు మించిన నీళ్ళంటే వణుకు. నీళ్ళతో పనిలేదు కదా అని వెతికి మరీ నేల మీది ఫౌజులో చేరాడు. నోరు తెరిచే ఓడలొచ్చి నేలకూ నీళ్ళకూ ఉన్న ఆ తేడాను కాస్తా చెరిపేశాయి. వాటికి భయపడాల్సిన పక్కదేశం ఏం చేస్తోందో గానీ, మా వంటింట్లో మాత్రం ఆ రోజు పొయ్యి మీద పప్పు మాడింది.

మర్నాడు అగ్గిపెట్టెలో పదకొండు గింజలే ఉన్నాయి.

"ఒకడు పారిపోయిండు భాయ్," అన్నారు సేటు.

"మా ఫౌజుల పారిపోయేటోడు లేడు!" మామగారు అరుగు కింద వంగి వెతికారు. ఆ గింజ దేవుడి గూట్లో, కుంకుమ భరిణెలో ఉంది. పొద్దున దీపం పెడుతూ చూశాను. అబద్ధమైతే ఆడలేదు, నన్నెవరూ అడగలేదు.

"పోనీ, ఇంకో గింజ తేరాదే," అని మామగారు లోపలికి కేకేశారు.

అత్తమ్మ గడప దాకా వచ్చింది. "గింజ పోతే ఇంకోటి తెస్తవ్. వాడు పోతే? గా బాయి యాదిల లేదా నీకు? దుంకి తీసింది నువ్వే గద!"

మామగారు కాసేపు చేతిలో అగ్గిపెట్టెను చూసుకున్నారు. "యాదిల ఉన్నది," అన్నారు. అర లోపలికి నెట్టి మూసేశారు. సేటు చాయ్ సగంలో వదిలి వెళ్ళిపోయారు.

ఆ పైన నేను వేసింది ఉత్త ముగ్గులే. పత్రికలో ఓడల వార్త మళ్ళీ వస్తే మామగారు పేజీ తిప్పేసేవారు. ఒకసారి నన్ను మెల్లగా పిలిచి, "బిడ్డా, వాడు నా కంటె పొడుగే గద?" అని అడిగారు. "మీకంటే జానెడు పొడుగు మామా," అన్నాను. నిజానికి బెత్తెడు. స్వామి క్షమించాడనే అనుకుంటాను.

వారం తర్వాత సేటు దుకాణం నుంచి ఒక తాడు తెచ్చారు. "మేలు రకం. నడుముకు కట్టుకోమను. ఏనుగును గూడ గుంజుతది." దుష్మన్ ఇచ్చిన తాడుకు అత్తమ్మ కొసన పసుపు రాసింది. మామగారు మామిడికాయ తొక్కుతో పాటు పార్సెల్ కట్టి పంపారు.

నెల దాటాక జవాబు వచ్చింది. ఈసారి ముందు చివరి మాట చూసుకున్నాను. "వదినె, గిది అవ్వకు సద్వు" అని ఉంది. చదివాను.

"దిగిన. నీళ్ళు ఛాతి దాకొచ్చినయ్. కండ్లు మూస్కొని ముందటోని బెల్టు పట్కున్న. ఒడ్డుకొచ్చినంక ఎరుకైంది, వాడు గూడ కండ్లు మూస్కునే నడిచిండంట. నా ఎడమ బూటు సముద్రంల పోయింది. తాడు మంచిగున్నదని మా సార్ తీస్కున్నడు."

అత్తమ్మ ఇంకోసారి చదివించుకుంది. మామగారు కళ్ళద్దాలు తుడిచి తుడిచి పెట్టుకున్నారు.

"భాయ్, దుష్మన్ దిక్కుకెళ్ళి చెప్తున్న," అన్నారు సేటు. "మేం హార్ మానినం, ఓడిపోయినం. కండ్లు మూస్కొని వచ్చే ఫౌజును ఎవడాపుతడు?"

మరునాడు మామగారు అడగకుండానే వాకిట్లో సముద్రం గీశాను. అత్తమ్మ కుంకుమ అంటిన గింజను తెచ్చి, గోడ వెంబడి చుట్టూ తిరిగి వెళ్ళి, ఒక్క గీత తొక్కకుండా వంగి, అవతలి ఒడ్డు మీద పెట్టింది. మధ్యాహ్నానికి చీమలు ఆ ఒడ్డునూ ఈ ఒడ్డునూ నడుమ నీళ్ళనూ తినేశాయి. ఎర్రటి గింజ ఒక్కటే మిగిలింది.

మా మరిది సెలవు మీద వచ్చేదాకా అత్తమ్మ రోజూ వాకిలి ఊడ్చేది. ఆ గింజ దగ్గరికి రాగానే చీపురును పక్కకు తిప్పేది.