కార్తీకంలో మటన్ కూర

నానబెట్టిన మీల్ మేకర్‌ను పిండుతుంటే వచ్చే పచ్చి వాసనకు ఇవాళ శంకర్ కాక గుర్తొచ్చాడు. ఆయన నాన్న దోస్తు. రాంగోపాల్‌పేట్‌లో మటన్ దుకాణం ఆయనది.

నా చిన్నప్పుడు ఓ ఆదివారం నాన్న ఆయన్ని మారేడ్‌పల్లిలోని మా ఇంటికి భోజనానికి పిలిచాడు. అది కార్తీక మాసమని, ఇంట్లో నీచు వండరని పిలిచాక గుర్తొచ్చింది. మటన్ దుకాణం మనిషికి ఉట్టి పప్పు ఎలా పెట్టేదని అమ్మ పరేషాన్ అయింది. చివరికి ఎండుకొబ్బరి, గసగసాలు నూరి, గరం మసాలా దట్టించి, మీల్ మేకర్‌నే మటన్ లాగా వండింది.

"కాకకు చెప్పకు బిడ్డా" అంది నాతో.

నేను ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాను. కాక ముద్ద కలిపి, కాస్త ఆగి, "బొక్కలేవి బిడ్డా?" అన్నాడు.

"అమ్మ ఏరేసింది కాకా."

ఆయన తలూపి నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "జెర ఇంకింత వెయ్యి వదినె. నా దుకాణంల సుత గిసొంటి మటన్ దొరకది" అన్నాడు.

మటన్ కొట్టే మనిషినే మా అమ్మ బురిడీ కొట్టించిందని బళ్లో చాలా రోజులు గొప్పలు పోయాను. రోజూ మాంసం కొట్టే చేతికి ఆ మాత్రం తెలియదా అని ఎన్నో ఏళ్లకు గానీ నాకు తట్టలేదు.

ఇవాళ ఆ మాటే అమ్మతో అన్నాను. అమ్మ పొయ్యి మీద కూర కలుపుతూ నవ్వింది.

"ముద్ద కలపంగనే ఎరుకైంది ఆయనకు. గందుకే గదా, మల్ల వెయ్యమన్నడు."