చిన్నయ్యగారి చప్పటి ప్రసంగం

చర్చికి కొత్తగా పాస్టరైన ఆయనను అందరూ చిన్నయ్యగారంటారు. ప్రసంగానికి ముందు ఆయనకు కాలు నిలవదు. చొక్కా గుండీ తిప్పుతూ గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. మునుపటి పెద్దయ్యగారు ఒకసారి, ఒక నర్సు తనతో ఏడ్చి చెప్పుకున్న సంగతిని పేరెత్తకుండా ప్రసంగంలో వాడేశారు. అందరి తలలూ ఆమె వైపే తిరిగాయి. ఆమె మళ్లీ చర్చి గడప తొక్కలేదు. ఆ రోజు, ఇంకా పాస్టరు కాని చిన్నయ్యగారు ఆమె వెనక బెంచీలోనే ఉన్నారు. ఈ ఆదివారం యేసు ఎవరో తెలియదని పేతురు బొంకిన ఘట్టం చెబుతుంటే, దానికి అచ్చంగా సరిపోయే కథ, ముందురోజు ఒక దర్జీ తనతో చెప్పుకున్నది, నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా దర్జీ తల వంచుకుని కూర్చున్నాడు. చిన్నయ్యగారు ఆ కథ ఎత్తకుండానే, తడబడుతూ ఎలాగో ముగించేశారు.

“ఇవాళ చప్పగా ఉందండీ,” అంది భార్య, జనం వెళ్లాక కిటికీలు మూస్తూ.

“ఉండనీలే.”

అప్పటికింకా గుమ్మం దగ్గరే తచ్చాడుతున్న దర్జీ లోపలికొచ్చాడు. “అయ్యగారూ, నిన్న సగమే చెప్పాను. మిగతాది చెప్పుకోవచ్చా?”