జరీ బూడిద కోసం మూసిన కిటికీ

కరోనాకు ముందటి ఏడు, ఎండాకాలం. ఆళ్లగడ్డలో మా ఇంటి ముందరి గదే మా పనిచోటు. మా ఆయన కంసాలి. పాత పట్టుచీరల జరీలోంచి వెండి తీయడం మా ఇద్దరి పని. అంచు కత్తిరించి కాలుస్తాం. ఆ బూడిదను తేజాబులో, అంటే నైట్రిక్ యాసిడ్‌లో వేస్తే వెండి కరుగుతుంది. ఆ నీళ్లలో రాగిరేకు పెడితే మళ్లీ పొడిగా దిగుతుంది. దాన్ని కడిగి, కరిగించి ముద్ద చేస్తాం.

ఆ పొద్దున ఉయ్యాలవాడ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. వాళ్లమ్మ పోయి నెల కాలేదు. చర్చిలో పెండ్లినాడు ఆమె కట్టిన తెల్ల ధర్మవరం చీర తెచ్చింది. మడతల్లో చిరిగిపోయింది. ముక్కుకు ఆనించుకుని చాలాసేపు నా చేతికియ్యలేదు.

"మా మనవరాలికి ఉగ్గుగిన్నె కావాల పెద్దమ్మా. మా అమ్మ చీరలో వెండే ఉండాల. వేరేది కలపొద్దు."

"అంచు సన్నం. గిన్నె చిన్నదైతాది."

"ఎంతైతే అంత."

సరేనన్నాను. తేజాబు పని ఎప్పుడూ పెరట్లోనే. ఆరోజు వడగాలి విసురుగా ఉంది. చిటికెడు బూడిద ఎగిరినా గిన్నె కాదు. అందుకని ఆయన్ను గదిలో కూర్చోబెట్టి ఫ్యాను ఆపి, కిటికీ గడియ నేనే వేశాను.

"పొగ యాడికి పోవాలమే?" అన్నాడు.

"కాసేపే గదా. బూడిద పోతే టీచరమ్మకు ఏం జెప్తావ్?"

ఆయన జాడీ మీదికి వంగి చిటికెడు చిటికెడు వేశాడు. నీళ్లు కలిపిన తేజాబులో పుట్టే గాలికి మొదట రంగుండదు. జాడీ మూతి దాటి బయటి గాలి తగిలితే ఎర్రగా తిరుగుతుంది. తలుపేసి వంటింట్లోకి పోయిన నేను వచ్చి తీసేసరికి ఆ ఎరుపు గదంతా కమ్మింది. రెండుమూడుసార్లు దగ్గాడు. రాగిరేకు పెట్టి, మొగం కడుక్కుని సంగటికి కూర్చున్నాడు.

"నీ పొదుపంతా నా ముక్కులో చేరిందే," అని నవ్వి, ఇంకాస్త మజ్జిగ పొయ్యమన్నాడు. బాగానే ఉన్నాడనుకున్నాను.

పొద్దుగూకేసరికి రొమ్ములో గురగుర మొదలైంది. పెదాలు నల్లబడ్డాయి. జీపు మాట్లాడుకుని నంద్యాలకు తీసుకుపోయాం.

అక్కడి డాక్టరు నాలాంటి మూడో తరగతి చదివినదానికీ తెలిసేట్టు చెప్పినాడు. ఆ రంగులేని గాలి పేరు నైట్రిక్ ఆక్సైడ్. మన ఒంట్లోనూ ఇంత పుడుతుందంట, నెత్తురు పారే దారులను వదులు చేస్తుందంట. పుట్టగానే ఊపిరందక నీలమైన బిడ్డలకు పెద్దాసుపత్రుల్లో దాన్నే కొలిచి పట్టిస్తారంట. గాలి తగిలి ఎర్రబడితే మాత్రం అది వేరే గాలి. పీల్చినవాడు కొన్ని గంటలు మామూలుగానే తిరుగుతాడు, ఆ తర్వాతే ఊపిరితిత్తులు నీళ్లతో నిండుతాయి.

"అప్పుడే తెచ్చింటే బాగుండునమ్మా," అన్నాడు. మూడోనాటికి ఆయన లేడు.

ఇంటికొచ్చి చూస్తే జాడీలో రాగిరేకు మీద వెండి నాచులాగా పట్టుకుని ఉంది. ఆయన చేతి చివరి పని అది. పెరట్లో నేనే కరిగించి, మా మరిది చేత గిన్నె కొట్టించాను.

టీచరమ్మ వచ్చి తలెత్తలేకపోయింది. "నాకొద్దు పెద్దమ్మా. నీ దగ్గరే పెట్టుకో."

"మీ యమ్మది. తీసుకపో," అన్నాను. అన్నానే గానీ, గిన్నె చెంపకు ఆనించుకుని నేనూ చాలాసేపు ఇయ్యలేకపోయాను.

ఈ పని చేసేవాళ్లకు ఒక్కటే చెప్తాను. పొగ పీల్చినోడు నవ్వుతున్నా, అన్నం తిన్నా నమ్మొద్దు. అప్పుడే ఆసుపత్రికి తీసుకుపోండి.

ఇప్పుడు ఎంత గాలున్నా పెరట్లోనే, గాలికి వీపు పెట్టి కూర్చుంటాను. బూడిద కొంచెం పోతుంది, పోనిస్తాను. ఆ కిటికీకి గడియ పీకేశాను. గాలికి రెక్క కొట్టుకున్నప్పుడల్లా ఆయన అడిగినట్టే ఉంటుంది, పొగ యాడికి పోవాలమే అని.