అంచు చిలకలు చూసే దిక్కు

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పొద్దున ఏడున్నరకు పోయే బస్సులో, కిటికీ పక్కన కూర్చుని, కళ్ళు తెరుచుకుని కలలు కనే అమ్మాయి ఒకతె ఉండేది. పేరు ఉమారాణి. మగ్గం నేసే నరసింహులు కూతురు. ఆదోనిలో ఒక కాలేజీలో కంప్యూటర్ డిగ్రీ చదువుతోంది. ఒళ్ళో పుస్తకం, పుస్తకం మీద రెండు చేతులు, చూపేమో బయట పత్తి చేల మీద. విచ్చిన పత్తికాయలన్నీ ఆమెకు సున్నాల్లాగా, మధ్యలో నిలబడ్డ కరెంటు స్తంభాలు ఒకట్లలాగా కనిపించేవట. ఇదంతా ఆమె చెప్పగా విన్నదే. నాబోటి దేశదిమ్మరికి బస్సులో పక్క సీటే గ్రంథాలయం.

మిగతా పేపర్లన్నీ గట్టెక్కాయి. డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ ఒక్కటి రెండుసార్లు తప్పింది. అది లేకుండా పట్టా రాదు. మూడోసారి కూడా పోతే ఇక చదువు చాలించేస్తానని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తనకు తానే ఒట్టు పెట్టుకుంది. పరీక్షకు ఇంకా పదహారు రోజులున్నాయి.

ఆ పేపరును తెలుగులో వివిక్త గణితం అంటారు. పేరు వింటే అడవిలో ఒంటరిగా తపస్సు చేసుకుంటున్న గణితం గుర్తొస్తుంది గానీ, విషయం చాలా సంసారపక్షంగా ఉంటుంది. తుంగభద్ర నీళ్ళను ఇన్ని అని లెక్కపెట్టలేం, కొలవాలి. మగ్గం మీద నిలువు పోగుల్ని కొలవక్కర్లేదు, ఒకటీ రెండూ అని లెక్కపెట్టవచ్చు. అలా విడివిడిగా ఉండే వాటి లెక్క ఇది. ఎవరికి ఎవరితో సంబంధం, ఏ దారి ఏ ఊరికి కలుస్తుంది, అవునా కాదా, ఇవే అందులో సంగతులు. కంప్యూటర్లో సమాచారమంతా ఈ అవును కాదుల మీదే నడుస్తుందట.

ఎక్కడో చలిదేశంలో ఒక ఊళ్ళో ఏడు వంతెనలుండేవని చదివాను. ఏ వంతెననూ రెండోసారి తొక్కకుండా అన్నీ దాటి రాగలమా అని అక్కడి జనానికి ఒక సరదా. కుదరదని ఒకాయన కాగితం మీద చుక్కలూ గీతలూ పెట్టి తేల్చేశాడు. అది చదివిన వేడిలో నేనూ ఆదోని సందులన్నీ అలాగే తిరగాలని బయలుదేరి, మూడుసార్లూ ఒకే టీ అంగడి ముందు తేలాను. టీ బాగుండడం వల్ల పరిశోధన ముందుకు సాగలేదు.

సరే, ఉమారాణి దగ్గరికి వద్దాం. ఆమెకు పాఠం చెప్పే చంద్రకళ మేడం మంత్రాలయంలో మఠం సేవ చేసే ఇంటి పిల్ల. నవ్వకుండా నవ్వించే మనిషి. కాలేజీలో పెట్టిన చిన్న పరీక్ష కాగితం చేతిలో పెట్టుకుని ఉమారాణిని పిలిచింది.

"ఏమ్మా, తర్కం బాగా రాసినావు. దారుల లెక్కలూ బాగున్నాయి. ఈ పట్టికల కాడికొస్తే ఏమైతాంది నీకు?"

ప్రశ్న సులువైనదే. అయిదుగురు మనుషులు. ఎవరికి ఎవరు తెలుసో గళ్ళ పట్టికలో వేయాలి. తెలిస్తే ఒకటి, తెలియకపోతే సున్నా. ఎవరికి వారు ఎలాగూ తెలుసు గనక, ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు ఒకట్లు మెట్లలాగా దిగాలి. ఉమారాణి పట్టికలో అవి కుడి నుంచి ఎడమకు దిగాయి.

"నీ లెక్కన మొదటోనికి వాడెవడో వానికే తెలీదు. అయిదోవాడు మాత్రం బాగా తెలుసు," అంది మేడం. "లోకంలో మనుషులు అట్లనే ఉంటారులే. లెక్కలో మాత్రం ఉండకూడదమ్మా."

"ఎన్నిసార్లు సూసుకున్నా నాకు సరిగ్గానే కనపడతాంది మేడం."

"అదే గదా బాధ!"

ఆ ఆదివారం మధ్యాహ్నం ఉమారాణి ఆ కాగితం పట్టుకుని మగ్గం పక్కన కూలబడింది. మిద్దెకు వెలుతురు కోసం పెట్టిన గవాచిలోంచి ఎండ ఒక్క ధారగా దిగుతోంది. నరసింహులు గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. పత్తి ధూళి ఆ ఎండలో లేచి, ఎక్కడికి పోవాలో మరిచిపోయినట్టు అక్కడక్కడే తిరుగుతోంది.

ఈ మగ్గం సంగతి ఒకటి చెప్పాలి. దుప్పటికి పువ్వు, అంటే ఏ బొమ్మైనా సరే, వేసేటప్పుడు వాళ్ళింట్లో బట్ట ముఖం కిందికి ఉంటుంది. నేసేవాడికి రోజంతా కనిపించేది బట్ట వీపే. పువ్వు సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవడానికి గుంటలో కాళ్ళ దగ్గర గడ్డం గీసుకునే అద్దం ఒకటి ఆనించి పెట్టుకుంటాడు నరసింహులు. తల వంచితే ఆ చిన్న అద్దంలో ఎర్ర చిలకలు, వాటి పక్కన గవాచిలోని ఒక ముక్క ఆకాశం.

ఏ పోగు లేవాలో మగ్గానికి చెప్పేవి చిల్లులున్న అట్టలు. బొమ్మను గళ్ళ కాగితం మీద గీసుకుని, గడి గడికీ చూసుకుంటూ అట్టలకు చిల్లులు కొట్టాలి. ఎనిమిదో ఏట నుంచీ ఆ పని ఉమారాణిదే. ముఖం కిందికి ఉంది గనక గళ్ళను కుడి నుంచి చదవాలి. తండ్రి నేర్పిన మొదటి పాఠం అది. తొమ్మిదో ఏట ఒకసారి అది మరిచిపోయి ఎడమ నుంచి కొట్టేసింది. దుప్పటి లోపలికి చూడాల్సిన అంచు చిలకలు బయటికి చూశాయి. "కప్పుకున్నోళ్ళ మొగం సూసేదానికి ఇష్టం లేదేమో వాటికి," అని తల్లి సరోజమ్మ వారం రోజులు నవ్వింది. ఆ నవ్వుతో పాఠం చేతికి అంటుకుపోయింది.

"ఏందే, మొగం అట్ల పెట్టినావు?" అన్నాడు నరసింహులు మగ్గం ఆపి.

"మల్లా తప్పినా నాయనా. సరిగ్గా రాసినట్లే ఉంది. తప్పంటాండారు."

"యాడా, ఇటియ్యి." కాగితం తీసుకుని కాసేపు చూశాడు. అతడు చదివింది అయిదో తరగతి. గళ్ళు మాత్రం నలభై ఏళ్ళుగా చదువుతున్నాడు. "ఇది మన గళ్ళ కాగితం మాదిరే ఉందే! ఈ ఒకట్లు ఇట్ల దిగినాయి. మీ మేడం ఎట్ల దిగాలంటాంది?"

ఉమారాణి గాలిలో వేలితో ఎడమ నుంచి కుడికి దిగే గీత గీసింది.

నరసింహులు పకపకా నవ్వాడు. "తిక్కదానా! వీపు రాసిచ్చి, మొగం అనుకోమంటే ఎట్ల?"

కాగితాన్ని తిరగేసి గవాచి ఎండకు అడ్డం పట్టుకున్నాడు. ఉమారాణి తలెత్తి చూసింది. వెలుతురులో అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి గానీ, సున్నా వెనక నుంచి చూసినా సున్నాయే, నిలువు గీతలాంటి ఒకటి ఒకటే. ఒకట్లు ఎడమ నుంచి కుడికి మెట్లలాగా దిగి వచ్చాయి. పట్టికలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఏ పరీక్షలో ఏ పట్టిక ఎలా రాసిందో ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. రాట్నం దగ్గర నుంచి సరోజమ్మ గొంతు వినిపించింది: "అంటే చిలకలు మల్లా బయటికి సూసినాయా?"

తప్పు దొరికింది గానీ, దొరికినంత మాత్రాన పోలేదు. గళ్ళు కనబడితే చాలు, చెయ్యి తనంతట తానే కుడి చివరికి పోతుంది. పన్నెండేళ్ళ అలవాటు. పది పట్టికలు రాస్తే రెండు ఇంకా ఎదురు తిరిగేవి. తొందరలో అయితే నాలుగు. పరీక్షంటేనే తొందర.

పరీక్ష రోజు పొద్దున నరసింహులు ఎర్ర దారం ముక్క తెచ్చాడు. కొత్త అట్టలు ఎక్కించేటప్పుడు మొదలు ఏ పక్కనో తెలియడానికి అలాంటిదే కడతాడు. ఆమె ఎడమ చేతి మణికట్టుకు కట్టి, "ఇది మొదలు. ఇది యాడుంటే ఆడ్నుంచి రావల్ల," అన్నాడు.

పరీక్ష గదిలో కాపలా సారు దాన్ని వెంటనే పట్టాడు.

"ఏం దారమమ్మా ఇది? మంత్రాలయం మఠందా, ఉరుకుంద గుడిదా?"

"మగ్గానిది సార్."

"మగ్గానికి ఏ సామి?"

"సామి లేడు సార్. యాడ మొదలు పెట్టల్లో గుర్తు."

ఆయన ఆమె చెయ్యి పైకెత్తించి, అటూ ఇటూ చూసి, చీటీ ఏదీ కనిపించక, అర్థమూ కాక, "సరే, రాయి," అని వెళ్ళిపోయాడు.

నాలుగో ప్రశ్న పట్టిక. గళ్ళు గీసింది. బయట ఎవరో పత్తి బండి తోలుకుపోతున్న చప్పుడు. కలం కుడి చివర దిగి రెండు గళ్ళు రాసేసింది. మూడో గడి దగ్గర ఉమారాణి చూపు కలం పట్టిన చేతి మీద పడింది. ఆ చేతికి దారం లేదు. పట్టిక మొత్తం కొట్టేసి, కింద మళ్ళీ గళ్ళు గీసి, ఎర్ర దారం వైపు నుంచి మొదలుపెట్టింది.

ఫలితాలు వచ్చిన రోజు ఆమె అట్టలకు చిల్లులు కొడుతోంది. కొత్త దుప్పటి, మళ్ళీ చిలకలే. ఫోనులో నంబరు కొట్టింది. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది. నరసింహులు మగ్గం ఆపేశాడు. సరోజమ్మ రాట్నం కూడా ఆగింది.

"పాసైనా," అంది ఉమారాణి, చిన్నగా.

"ఆ ఫోన్లో మొగమే గదా సూసింది?" అన్నాడు నరసింహులు. "వీపు గాదు గదా?"

"మొగమే నాయనా."

అతడు తల వంచి గుంటలోని అద్దంలోకి చూసుకున్నాడు, మగ్గం ఆగి కొత్త పువ్వేమీ పడకపోయినా. ఉమారాణి ఫోను పక్కన పెట్టింది. వెలిసి గులాబీ రంగుకు తిరిగిన ఎర్ర దారాన్ని పళ్ళతో ముడి విప్పి, ఎడమ చేతి నుంచి కుడి చేతికి మార్చి కట్టుకుంది. గళ్ళ కాగితం దగ్గరికి లాక్కుని, కుడి చివర నుంచి మొదటి చిల్లు కొట్టింది.